వైరు పీకి చూశాకే రాసే వనిత

రఘురామ్ భుజాల మీద శాలువా కప్పుతున్నప్పుడు ఫొటో తీసింది వనితే. "జర ఇటు తిరుగన్నా, ట్యూబులైటు మొఖం మీద పడ్తుంది" అని చెప్పి మరీ తీసింది. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో కస్టమర్లకు చెప్పే హెల్ప్ పేజీలను తేలిగ్గా అర్థమయ్యేలా తీర్చిదిద్దినందుకు, కస్టమర్ల ఫిర్యాదులు తగ్గించినందుకు పంజాగుట్టలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తన టీమ్ లీడ్ రఘురామ్‌కు చేసిన సన్మానం అది. ఆ పేజీల్లోని మాటలు రాసింది వనిత. ఫొటో బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. ఆమె ఫోను బ్యాగులో వేసుకుని, అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

మిఠాయి పొట్లాలు ఇంకా పంచుతుండగానే మేనేజర్ ఛాయాదేవి ఆమెను తన గదిలోకి పిలిచారు.

"కూర్చో వనితా. నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతోంది కదా. కొనసాగించాలంటే నువ్వు చేసిన పని చూపించమంటున్నారు పైవాళ్లు."

"చూపించండి మేడమ్."

"ఏం చూపించనమ్మా? నీ పేరు కొడితే కంప్యూటర్లో ఖాళీ వస్తోంది. ఒక్క లైను లేదు."

"నేను చేసిందంత రఘురామన్న లాగిన్ల నుంచే పోతది గద మేడమ్."

"నాకు తెలుసు. కంప్యూటర్‌కి తెలీదుగా."

వనిత "సరే మేడమ్" అని లేచి వచ్చింది.

ఆ 'సరే' వెనక ఎంత ఉందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన నగరంలో చాలా ఆఫీసుల్లో రెండు రకాల మనుషులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. ఒకరిది సంస్థ ఉద్యోగం. ఇంకొకరిని మధ్యలో ఉన్న ఏజెన్సీ పంపిస్తుంది. ఏజెన్సీ మనిషి ఎంత మంచి పని చేసినా, దాన్ని సంస్థ కోడ్‌లో చేర్చడానికి సొంత లాగిన్ ఉండదు. పక్క కుర్చీ ఆయన లాగిన్‌తో చేర్చాలి. చేర్చినవాడి పేరు నిలుస్తుంది, చేసినవాళ్ల పేరు మాయమవుతుంది. దీన్ని దొంగతనం అని ఎవరూ అనరు, 'ప్రాసెస్' అంటారు. నేను మాత్రం దొంగతనమనే అంటాను. దొంగ ఎవరో చూపించలేని దొంగతనం.

వనితకు ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకడం కష్టం. కూతురు పుట్టాక కొన్నేళ్లు ఇంట్లో ఉండిపోయింది. తిరిగి బయల్దేరితే ప్రతి ఇంటర్వ్యూలోనూ "ఇన్నాళ్లు ఏం చేశారు?" అన్న ప్రశ్నే. పిల్లను పెంచడం ఏ కంపెనీ దృష్టిలోనూ పని కాదు. ఇప్పుడీ ఉద్యోగం కూడా పోతే, ఇక్కడ చేసిన పనిని కూడా చూపించుకునే వీలుండదు. పేరే లేదు కదా.

ఆమెది జనగామ వైపు వ్యవసాయ కుటుంబం. పత్తి వరసగా దెబ్బతిన్న ఏళ్లలో పట్నం వచ్చారు. తల్లి వజ్రమ్మ ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. వంటగది పక్కనున్న చిన్న గదే వాళ్ల ఇల్లు. ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చే అమ్మాయిలు పప్పులో ఉప్పు తక్కువైందని గొడవ చేస్తూనే, రాత్రి అన్నాలయ్యాక వనితను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ చూపించేవాళ్లు. ఉద్యోగం వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ పుస్తకాలు ఆమెకే వదిలేసేవాళ్లు. ఒకమ్మాయి పాత లాప్‌టాప్ ఇచ్చి, "దీని మీద 'ఇ' అచ్చు పడదక్కా, నువ్వే గట్టిగా గుద్దాలె" అని చెప్పిపోయింది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనంలో ప్రోగ్రామింగ్ చెప్పే కనకయ్య సారు మధ్యాహ్నం భోజనం ఆ హాస్టల్ నుంచే తెప్పించుకునేవారు. ఒకరోజు క్యారియర్ ఇవ్వడానికి వెళ్లిన వజ్రమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"సారూ, మా పిల్ల వెనక బెంచీల కూసుంటే మీ క్లాసుకేమన్న బరువైతదా?"

"కూసోమను తల్లీ. నిద్రవోయేటోళ్లే మస్తుమంది ఉన్నరు, మేల్కొని వినేటోళ్లు ఒకరుంటే నాకే మంచిది" అన్నారు సారు. అట్లా నేర్చుకుంది వనిత.

రఘురామ్ కూడా అట్లాంటి ఉపకారమే చేశాడు. అందరూ పొమ్మన్నప్పుడు, "కామెంట్లు సాఫ్ చేసే పనుంది, ఎవ్వలు ముట్టుకుంటలేరు. చేస్తవా?" అని అడిగి పనిలోకి తీసుకున్నాడు. ఆయన మీద ఒక్క మాట పడనివ్వదు వనిత. ఆమె నోరు మెదపకపోవడానికి సగం కారణం అదే.

ఆ కామెంట్ల సంగతి కొంచెం చెప్పాలి. ఆ సంస్థ తయారుచేసే సాఫ్ట్‌వేర్ మధ్యవర్తి లాంటిది. ఆస్పత్రి కౌంటర్లో 'ఈ పేరు రాసుకో' అని ఒక మీట నొక్కితే, ఆ మాటను ఎక్కడో ఉన్న డేటాబేస్‌కు మోసుకెళ్లి, జవాబు తెచ్చి తెర మీద పెడుతుంది. దారిలో వైరు తెగొచ్చు, అవతలి యంత్రం ఆగిపోవచ్చు. అప్పుడు ఏం చెయ్యాలో కోడ్‌లో రాస్తారు. ఎందుకలా రాశారో, వాడేవాళ్లు ఏం జాగ్రత్త పడాలో కోడ్ పక్కనే మామూలు మాటల్లో రాస్తారు. వాటినే కామెంట్లంటారు. యంత్రం వాటిని దాటేసి పోతుంది, మనుషులే చదువుతారు. ఈ సంస్థలో కస్టమర్లకిచ్చే హెల్ప్ పేజీలు కూడా ఆ కామెంట్ల నుంచే తయారవుతాయి. కామెంట్ తప్పయితే ఆస్పత్రి కౌంటర్ దాకా ఆ తప్పే చేరుతుంది.

వనిత వచ్చేసరికి ఆ పేజీల్లో ఉన్న ప్రతి లోపానికీ ఒకే సలహా ఉండేది: 'మళ్లీ ప్రయత్నించండి.' వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమీర్‌పేటలో రద్దీగా ఉన్న టిఫిన్ సెంటర్ ముందు నిలబడి "అన్నా, ఒక దోశ" అని అరిచి చూడండి. మాస్టర్‌కు మీ మాట వినపడలేదనుకోండి, మళ్లీ అరవచ్చు, నష్టం లేదు. మాస్టర్ విన్నాడు, "ఆ" అన్నాడు, ఆ 'ఆ' మీకు వినపడలేదనుకోండి. మళ్లీ అరిస్తే రెండు దోశలు వస్తాయి. మీ వెనకాయన ఆకలితో నిలబడతాడు. డేటాబేస్ దగ్గరా అంతే. మాట చేరకముందు తెగడం ఒకటి, మాట చేరాక జవాబు రాకముందు తెగడం ఇంకొకటి. ఈ రెండూ విడదీసి చెప్పకపోతే ఎక్కడో ఎవరి వంతో పోతుంది.

ఈ రెండింటినీ విడదీసే పని మీదే కూర్చుంది వనిత. పుస్తకంలో ఉందనో, పెద్దవాళ్లు అన్నారనో ఒక్క వాక్యం రాసేది కాదు. కంప్యూటర్ వెనక్కి వంగి, పని నడుస్తుండగా నెట్ వైరు పీకేది. తెర మీద ఏమొచ్చిందో, డేటాబేస్‌లో ఏం చేరిందో చూశాకే రాసేది. ఒకసారి ముందే, ఒకసారి మధ్యలో, ఒకసారి చివర్లో పీకేది. అర్థం కాని చోట రఘురామ్‌ను పట్టుకుని అడిగేది. ఆఫీసులో దీని మీద బోలెడు వేళాకోళం.

"కరెంటోళ్లు వచ్చిండ్రు, అందరు సేవ్ చేసుకోండ్రి!"

"వనితక్కా, నా వైరు గూడ పీకరాదు, ఇంటికి పోత."

ఆమె కూడా నవ్వేది. "నీది పీకినా పీకకున్నా ఒక్కటే తమ్మీ, ఎట్లైనా పని నడుస్తలేదు" అనేది.

ఆ కోడ్‌లో ఆమెకు ఒక విచిత్రం కనిపించింది. లోపం వస్తే ఏం చెయ్యాలో రాయాల్సిన చోట, చాలాచోట్ల ఏమీ లేదు. ఖాళీ. ఖాళీ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కామెంట్: 'తర్వాత చూద్దాం.' వేర్వేరు కాలాల్లో, ఒకరికొకరు పరిచయం లేనివాళ్లు రాసినవి. అందరూ అచ్చంగా అదే మాట ఎందుకు రాశారు? వనితకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఆ మాట ఎక్కడిదో ఆమెకు తెలుసు. కనకయ్య సారు ఇచ్చే జిరాక్సు నోట్సులోది. క్లాసు టైము చాలక, లోపాల పాఠం దగ్గర సారు ఆ ముక్క రాసి వదిలేస్తారు. పిల్లలు పరీక్షకు కంఠస్థం చేసినట్టు ఆ ముక్కతో సహా కంఠస్థం చేస్తారు. ఉద్యోగాల్లో చేరాక చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అమీర్‌పేటలో చదువుకున్న మనమే చెయ్యగలిగిన తప్పు ఇది.

ఒక ఆదివారం ఆమె మైత్రీవనం మెట్లెక్కింది. సారు బోర్డు తుడుచుకుంటున్నారు.

"ఏం బిడ్డా, అమ్మ పచ్చిపులుసు పంపిందా?"

"పంపింది సార్. నేనొక్క మాట గూడ తెచ్చిన. కోపం జెయ్యొద్దు."

విషయం విని ఆయన డస్టర్ బల్ల మీద పెట్టి, పగలబడి నవ్వారు. "వార్నీ! గది గూడ రాసుకున్నరా? నేను 'ఫ్యాను వెయ్యి' అంటే గది సుత కోడ్‌ల రాస్తరేమో!" తర్వాత నవ్వు ఆపి అన్నారు. "డెమో క్లాసుల ఎర్రర్లు మొదలువెడితే పోరగాళ్లు లేచి పక్క ఇన్‌స్టిట్యూట్‌కు పోతరు బిడ్డా. వాళ్లకు అన్నీ నడిచేటియే చూపెట్టాలె. నడవనియి ఎవ్వలడుగుతరు?"

"నేను అడుగుతున్న గద సార్."

"అయితే నువ్వే చెప్పు. ఆదివారం పొద్దున గంట నీది. గా లైను నేనే కొట్టేస్త."

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె లోపాల పాఠం చెబుతోంది. చేతిలో వైరు పట్టుకునే చెబుతుంది. సారు వెనక బెంచీలో కూర్చుని, ఎవరైనా నిద్రపోతే గిచ్చుతారు.

ఇక నెలాఖరు దగ్గరపడింది. విషయం విన్న వజ్రమ్మ గంటె కింద పడేసి మరీ కోప్పడింది.

"గింత జేసినవ్, నోరు తెరిచి చెప్పనీకేమైంది? పోయి పైవాళ్లకు చెప్పు, రాసింది నేనే అని!"

"చెప్తె అన్నకు మాటొస్తదమ్మా. ఎవ్వలు తీస్కోనప్పుడు తీస్కున్నడు."

"తీస్కున్నడని నీ కష్టం ఆయనకు రాసిస్తవా? అన్నం పెట్టినోళ్లకు దండం పెడ్తరు గని, పేరు పెట్టియ్యరు బిడ్డా!"

వజ్రమ్మ మాటే నా మాట. మేలు చేసినవాళ్లను మరిచిపోకూడదు. ఆ మేలుకు బదులుగా మన హక్కు వదులుకోమని మాత్రం ఏ ధర్మమూ చెప్పలేదు. మంచివాళ్ల కృతజ్ఞత మీదే చాలా సంస్థలు చవగ్గా బతికేస్తున్నాయి. అయినా వనిత చెప్పలేదు. బయట ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టింది. 'మీ పేరు మీదున్న పని చూపించండి' అని అడిగిన చోటల్లా ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం, పంజాగుట్ట దగ్గర రోడ్డు తవ్వుతున్నవాళ్లు ఒక కేబుల్ తెంపేశారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే ఒక డయాలసిస్ కేంద్రంలో తెరలు ఉన్నచోటే ఆగిపోయాయి. మర్నాటి వంతులు రాసుకునే వేళ అది. వరుసలో జనం. కౌంటర్లో ఉన్న రవళి సంస్థ సపోర్టుకు ఫోన్ చేసింది. అందుకున్నది వంశీకృష్ణ, విజయవాడ నుంచి వచ్చి కొత్తగా చేరిన కుర్రాడు.

"సార్, ఎర్రర్ వస్తుంది. పేషంట్లు మీద పడ్తున్నరు. మళ్ల నొక్కాల్నా వద్దా, ఒక్క మాట చెప్పుండ్రి!"

"ఒక్క నిమిషం మేడమ్, నొక్కకండి. అసలేం నొక్కకండి. ఆ ఎర్రర్ కింద నంబరేంటి?"

నంబరు చెప్పింది. వంశీకృష్ణ హెల్ప్ పేజీ తీశాడు. అందులో ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాడు. "ఈ ఎర్రర్ వస్తే పని జరిగిందో లేదో మనకి తెలియదు. మళ్లీ పంపొద్దు. కనెక్షన్ వచ్చాక ముందు జాబితా తెరిచి, ఆ పేరు ఉందేమో చూడండి. ఉంటే అయిపోయినట్టే. లేకపోతేనే మళ్లీ పంపండి. అర్థమైందాండీ?"

"అయింది సార్."

వరుసలో ముందున్న పెద్దాయన హనుమాండ్లు కౌంటర్ మీదికి వంగాడు. "ఏందమ్మా, మిషన్‌కు గూడ మా లెక్కనే ఊపిరి ఆడ్తలేదా?"

"జర ఆగు తాతా, దానికి గూడ సెలైన్ పెడ్తున్నరు" అంది రవళి. వరుసంతా నవ్వింది.

కనెక్షన్ వచ్చాక జాబితా చూస్తే, తెర మీద ఎర్రర్ చూపించినా హనుమాండ్లు వంతు అప్పటికే ఎక్కి ఉంది. మళ్లీ నొక్కి ఉంటే ఆయన పేరు మీద రెండు వంతులు పడేవి. వరుస చివర నిలబడినవాళ్లలో ఒకరికి మర్నాడు మంచం దొరికేది కాదు. డయాలసిస్ ఒక రోజు తప్పితే ఒంట్లో ఏమవుతుందో ఆ వరుసలో ఉన్నవాళ్లనడగండి. ఆ రోజు ఎవరి వంతూ పోలేదు.

ఫోన్ పెట్టేసి వంశీకృష్ణ నేరుగా రఘురామ్ దగ్గరికి వచ్చాడు.

"రఘురామ్ గారూ, మీకో దండం అండీ బాబూ! ఆ పేజీ లేకపోతే ఇవాళ నేను 'మళ్లీ నొక్కండి' అనేవాణ్ని."

రఘురామ్ కుర్చీలో ఒకసారి కదిలాడు. ఆయన స్థానంలో చాలామంది 'థ్యాంక్స్' అనేసి ఊరుకుంటారు. ఆయన అలా చెయ్యలేదు. అందుకే ఈ కథలో ఆయనకూ నేను రుణపడి ఉన్నాను.

"దండం నాకు గాదు వంశీ. గా మూలకు కూసుంది చూడు, వనిత. ఎర్రర్ల మీద ఉన్న ప్రతి మాట ఆమెదే. నా లాగిన్ల నుంచి పోయింది, గంతే. నేను ముందుగాల్నే చెప్పాల్సుండె."

"ఏంటీ, మీరాండీ?" అంటూ వంశీకృష్ణ వనిత వైపు తిరిగాడు. "మరి ఆ రోజు ఫొటో తీస్తూ నిలబడ్డారేంటండీ!"

"మంచి కెమెరా నా ఫోన్లనే ఉండె తమ్మీ" అంది వనిత. అని, చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా మసక పోలేదని తర్వాత నాతో అంది.

రఘురామ్ అప్పటికప్పుడే పైవాళ్లకు రాశాడు: లోపాలకు సంబంధించిన కామెంట్లు, హెల్ప్ పేజీలు నా పేరు మీద ఉన్నా, అవి వనిత చేసినవి. ఛాయాదేవి దానికి డయాలసిస్ కేంద్రం సంగతి జోడించి, వనిత పేరు మీద సొంత లాగిన్ కావాలని అడిగారు. మర్నాటి మధ్యాహ్నానికల్లా లాగిన్ వచ్చేసింది. లాగిన్లు ఇచ్చే విభాగం వాళ్లను ఛాయాదేవి నిలదీశారు. "ఇంత సులువైతే ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదండీ?"

వాళ్ల జవాబు: "ఎవ్వరూ అడగలేదు మేడమ్."

నెలాఖరుకు కాంట్రాక్టు కొనసాగింది. ఇప్పుడు వనిత వైరు పీకి చూసి రాసిన ప్రతి మాట పక్కనా ఆమె పేరే ఉంటుంది. అయినా ఉద్యోగం ఇంకా ఏజెన్సీదే. జబ్బు చేసి ఇంట్లో ఉంటే జీతం ఉండదు. అదే ఆఫీసులో మరికొందరి పని ఇంకా పక్క కుర్చీ పేరుతోనే వెళ్తోంది. వాళ్లకూ లాగిన్లు అడగాలని వనిత, రఘురామ్ కలిసి పేర్లు రాస్తున్నారు.

ఇదంతా అడిగి రాసుకుందామని నేను ఎస్.ఆర్. నగర్ వెళ్తే, వనిత తన గురించి తక్కువే చెప్పింది. 'ఇ' అచ్చు పడని లాప్‌టాప్ ఇచ్చిన అమ్మాయి గురించి, కనకయ్య సారు గురించి, రఘురామ్ గురించి, దండం పెట్టడానికి వచ్చిన వంశీకృష్ణ గురించి చెప్పుకుంటూ పోయింది. వజ్రమ్మ పచ్చిపులుసు వేసి అన్నం పెట్టింది. నేను మాత్రం తింటున్నంతసేపూ ఆ వరుస చివరి మనిషి గురించే ఆలోచించాను. తన వంతు నిలబెట్టింది ఎవరో ఆయనకు ఎప్పటికీ తెలియదు. ఆయన తరఫున వనితకు నమస్కారం.

ఇక మీతో ఒక మాట. మీరు ఆఫీసులో పని చేస్తుంటే, రేపు వెళ్లగానే పక్క కుర్చీలో ఉన్న కాంట్రాక్టు మనిషిని అడగండి: "నీ పని ఎవరి పేరు మీద పోతోంది?" మీ పేరు మీదే పోతుంటే, నిజం రాసి ఇవాళే పైకి పంపండి. శాలువా కప్పేదాకా ఆగకండి. మీరు మేనేజరైతే, వాళ్లకు సొంత లాగిన్ కావాలని అడగండి. కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద ఇమ్మనండి. మీరే ఆ కాంట్రాక్టు మనిషి అయితే, మీకు మేలు చేసినవాళ్లకు మనసారా దండం పెట్టండి. పెట్టి, మీ పేరు మీరు అడిగి తీసుకోండి. ఒంటరిగా అడగడానికి భయమైతే ఇద్దరు కలిసి వెళ్లండి.